అరవై ఒకటో పేజీ

ప్వెర్తో మోంత్‌లో జూన్ అంటే వాన.
అద్దం మీద చినుకులు జారుతుంటే
నేను వార్షిక నివేదికలో కామాలు సర్దుతుంటాను.
సామన్ చేపల కంపెనీ మాది.
సముద్రంలో వల పంజరాలు, ఒడ్డున గాజు మేడ,
ఏడో అంతస్తులో కోలబల్ల,
దాని చుట్టూ అయిదు కుర్చీలు.

"సమాజం పట్ల మా బాధ్యత" అనే అధ్యాయం
ఏటా నా చేతిలోనే పుడుతుంది.
పుట్టినప్పుడు దానికి పళ్లుంటాయి.
అయిదుగురి చేతులూ దాటేసరికి
బోసినోటితో నవ్వుతుంది.

ఈసారి అందులో ఒక వాక్యం ఉంది:
కెయ్యోన్ దగ్గర, ముప్ఫై నాలుగు మీటర్ల లోతున,
చిరిగిన వల కుడుతూ ఒక డైవర్ చనిపోయాడు.
కాంట్రాక్టరు పంపిన కాగితంలో పేరుంది,
ఎలీసియో నవెల్కీన్, ఇరవై తొమ్మిదేళ్లు.
పేర్లు రాయడం మా పద్ధతి కాదు.

కెప్టెన్ లియొన్సియో నౌకాదళం ఉప్పు తిన్న మనిషి.
"చనిపోయాడు" కొట్టేసి
"విధి నిర్వహణలో" అని మొదలుపెట్టాడు.
ఆయన లెక్కలో సముద్రం ఎవర్నీ చంపదు,
పిలిపించుకుంటుంది.

శాంతియాగో బ్యాంకులో తల నెరిసిన ఉందుర్రాగా
ఒక్క మాటా తియ్యలేదు.
అక్షరాల సైజు తగ్గించమన్నాడు.

నార్వే నుంచి తూరున్ తెర మీద కనిపించింది.
సముద్రపు అడుగును చదువుకున్న పిల్ల.
నీటిలో ఆమ్లజని గురించి నాలుగు పేజీలు చేర్చింది.
మంచి పేజీలే. నిజాయితీ గల పేజీలు.
ఆ నీటిలోనే ఒక మనిషికి ఊపిరి అందలేదన్న సంగతి
ఆ పట్టికలో ఏ గడిలోనూ ఇమడలేదు.

నా ఆశంతా ఒతీలియా బర్రీయా మీదే.
లెముయ్ దీవిలో ఇరవై ఆరేళ్లు పంతులమ్మ.
బోర్డులోకి తెచ్చుకున్న ఏడు ఆమె ఫొటో వేసి
కింద "దీవుల గొంతు" అని రాసింది నేనే.
ఆమె కళ్లజోడు తుడుచుకుంది,
ఎర్రసిరాతో ఒక అక్షరదోషం దిద్దింది,
కాగితం పక్కకు జరిపింది.
తర్వాత లిఫ్టు దగ్గర నా మోచేయి పట్టుకుని
"మా తమ్ముడి కొడుక్కి ఇక్కడే ఉద్యోగం, అమ్మాయ్" అంది.

ఇక మిగిలింది షీఫెల్బైన్.
ఫ్రుతిల్యార్ జర్మన్ల మనవడు, లెక్కల మనిషి,
పదేళ్లలో ఆయన పళ్లు చూసినవాళ్లు లేరు.
"మరణాలు: సున్నా" అన్న గడి మీద వేలు ఆనించాడు.
చనిపోయింది మన మనిషి కాదండీ,
కాంట్రాక్టరు మనిషి, అందుకని, అన్నాను.
"వల ఎవరిది?"
మనదే.
"లోపలి చేప?"
మనదే.
గదిలో కాఫీ యంత్రం ఒక్కటే మూలిగింది.

"మా నాన్న పాలకేంద్రంలో కొలతలు రాసేవాడు" అన్నాడు,
ఎవరి వైపూ చూడకుండా.
"రైతు డబ్బాకు గరిటెడు తక్కువ రాసేవాడు.
పుస్తకం మాత్రం ఎప్పుడూ సరిపోయేది.
ఇప్పుడా పుస్తకాలు నా అటక మీద ఉన్నాయి."
సున్నా మీద గీత గీసి ఒకటి వేశాడు.

అది దయ అని నేననుకోను.
మొత్తం కలవకపోతే ఆయనకు నిద్ర పట్టదు, అంతే.

వాదన గంటన్నర నడిచింది.
ఒకటి నిలబడింది,
అరవై ఒకటో పేజీలో, చిన్నక్షరాల్లో,
నెత్తిన ఒక నక్షత్రంతో.

అందరి పుట్టుపూర్వోత్తరాలూ చెప్పాను కదా,
మొదటి ప్రతిలో ఆ సున్నా వేసిన చెయ్యి
ఎవరి బిడ్డదో ఎవరూ అడగలేదు.
మా అమ్మ చేపలు కోసే వరుసలో పద్దెనిమిదేళ్లు నిలబడింది.
వేళ్లు చలికి కొయ్యబారిపోయేవి.
కత్తి పట్టకుండా బతకమని నాకు కలం ఇప్పించింది.
కలంతో ఏం కొయ్యాలో చెప్పలేదు.

నివేదిక అచ్చయి వచ్చింది.
ముఖచిత్రం బాగుందన్నారు అందరూ.
నీలంగా సముద్రం,
ఒక్క బుడగ కూడా లేకుండా.